ఐదో అవుట్‌పుట్

హాలు మంచిదే. ఆ మాట ముందే చెప్పాలి. పెచ్చులూడిన గోడలు, గబ్బిలాలు, అలాంటివేం లేవు. కొత్తగా రంగులేసిన గోడలు, మెత్తటి కుర్చీలు, కార్పెట్టు వాసన. కిటికీ అన్నదే లేదు కాబట్టి తలుపులేస్తే మధ్యాహ్నం రెండింటికి కూడా చిమ్మచీకటి. గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టి చూసుకున్నాను. శబ్దం తిరిగి రాలేదు. పాటల కార్యక్రమానికి అంతకన్నా ఏం కావాలి? సంతోషించాను.

నా పని ఏ శబ్దాన్ని ఆ దారిన పంపడం. ట్రాఫిక్ పోలీసు ఉద్యోగం అనుకోండి. ల్యాప్‌టాప్ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. దాని వెనక ఎనిమిది అవుట్‌పుట్లు. ఒకటీ రెండూ హాలు స్పీకర్లకి. మూడూ నాలుగూ డ్రమ్మరు చెవిలోకి. టిక్కు టిక్కుమనే తాళం లెక్క అతనొక్కడికే వినపడాలి, పొరపాటున అది హాల్లోకి వెళ్లిందా, నా పరువు పోయినట్టే. ఐదోది మా చెల్లెలి చెవిలోకి.

మా చెల్లెలికి చూపు లేదు. ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. గొంతు మాత్రం... నా చెల్లెలని గొప్పలు చెప్పడం కాదు, తను పాడుతుంటే నాలాంటి ముక్కోపి కూడా మెత్తబడతాడు. స్టేజీ మీద చెయ్యి పట్టుకుని నడిపిస్తే తనకి నచ్చదు. జనం పాట వినడానికొచ్చారు గానీ జాలిపడటానికి కాదు అంటుంది. అందుకని పన్నెండేళ్లుగా మాకొక ఏర్పాటుంది. తన రెండు చెవుల్లోనూ బిగుతుగా ఇయర్‌ఫోన్లు ఉంటాయి. నేను హాలు చివర నా బల్ల దగ్గర కూర్చుని, చిన్న మైకు నొక్కి గుసగుసగా చెప్తాను. కుడికి తిరుగు. రెండడుగులు ముందుకు. ఆగు. తను నడుస్తుంది. చూసేవాళ్లకి అనుమానం కూడా రాదు.

ఆ రోజు నాకు అతితెలివి పుట్టింది. పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో లెక్క ప్రకారం నడిచేవే కదా, ఎక్కడ ఎన్నడుగులో ముందే తెలుసు కదా, ప్రతిసారీ నేను కూర్చుని వాగడం ఎందుకు? ముందురోజు ఇంట్లోనే ఆ మాటలన్నీ రికార్డు చేసి, వాటికో ట్రాకు పెట్టి, ఐదో అవుట్‌పుట్‌కి కలిపేశాను. చెల్లెలికి చెప్పలేదు. చెబితే అలుగుతుంది. షో జరుగుతుంటే హాయిగా టీ తాగొచ్చని నా ఆశ, సిగ్గులేకపోతే సరి.

ఇంకొకటి కూడా చెప్పలేదు. స్టేజీ ముందు భాగాన్ని వాద్యాలవాళ్ల కోసమని కిందికి దించి ఉంచారు. ఆ వాద్యాలవాళ్లేమో రానే లేదు. మనిషి లోతు కన్నా ఎక్కువ గొయ్యి, అడుగున సిమెంటు. పైకి లేపమని అడిగితే, మోటారు మొరాయించింది, షో అయ్యేలోపు కదలదు అన్నాడు హాలు మేనేజరు. కోపమొచ్చి నాలుగు మాటలన్నాను. తర్వాత అడుగులు కొలిచాను. చెల్లెలు నిలబడే చోటు నుంచి అంచుకి ఏడు. నేను రికార్డు చేసినదాంట్లో ముందుకి రెండడుగులు మించి ఎక్కడా లేదు. అనవసరంగా తనని కంగారు పెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

మూడు పాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. హాలు నిండిపోయింది. నాలుగోది నెమ్మదైన పాట. అందులో డ్రమ్మరుకి పని లేదు. కర్రలు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. స్టేజీ మీద ఒక్కటే లైటు, చెల్లెలి మీద. పల్లవి అయ్యాక సంగీతం వచ్చేచోట, "రెండడుగులు ముందుకు" అన్న నా మాట నా హెడ్‌ఫోన్లో కూడా వినిపించింది. చెల్లెలు రెండడుగులు వేసింది. నేను టీ కప్పు అందుకున్నాను.

"బుజ్జీ... ఇంకో అడుగు."

కప్పు నోటిదాకా వెళ్లలేదు.

గొంతు నాదే. ఇంట్లో నేను చెల్లెల్ని పిలిచే ముద్దుపేరే. కానీ రికార్డు చేసేటప్పుడు నేను బుజ్జీ అని ఒక్కచోట కూడా అనలేదు. చెల్లెలు ఇంకో అడుగు వేసింది. మూడు.

ట్రాకు ఎక్కడో తప్పు చోట అతికించి ఉంటాననుకుని మొత్తం ఆపేశాను. సంగీతం టక్కున ఆగిపోయింది. అది కూడా పాటలో భాగమే అనుకున్నారేమో, జనం కదలకుండా చూస్తున్నారు.

"భయం లేదు. ఇంకోటి."

నాలుగు.

ల్యాప్‌టాప్ తెర మీద ఏదీ నడవడం లేదు. పెట్టె ముందువైపు ఐదో అవుట్‌పుట్ పచ్చ దీపం మాత్రం మినుకుమంటోంది... మాట వచ్చినప్పుడల్లా. పెట్టె వెనక చెయ్యి పెట్టి ఐదో వైరు లాగేశాను. వైరు నా చేతిలో ఉంది. దీపం వెలుగుతూనే ఉంది. అంత దూరాన చెల్లెలు తల ఊపింది, ఎవరో చెప్పింది విన్నట్టు.

ఐదు.

లేచి నిలబడి, ఆగమని గొంతు చించుకుని అరిచాను. చెవులు మూసుకుపోయి ఉన్న మనిషికి నా అరుపు ఎలా వినిపిస్తుంది? ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి ఉష్ అన్నారు. పరిగెత్తి చేరేంత దగ్గర కాదు. పీకిన వైరే మళ్లీ గుచ్చాను. తన దగ్గరికి నాకున్న దారి అదొక్కటే. మైకు నొక్కాను.

"బుజ్జీ, ఆగు. ముందు గొయ్యి ఉంది. కదలకు."

ఆగింది. ఎత్తిన పాదం మెల్లగా వెనక్కి దించుకుంది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

అప్పుడు హెడ్‌ఫోన్లో, నా గొంతుతోనే, నాకన్నా నింపాదిగా...

"అది నేను కాదమ్మా. నువ్వు ముందుకు రా."

చెల్లెలి ముఖం అయోమయంగా అయిపోయింది. నేను నోరు తెరిచాను. నేనే మీ అన్నయ్యని, అనబోయాను. నా నోట్లోంచి మాట వచ్చేలోపే ఆ గొంతు అదే మాట అనేసింది. నా మాట దాని వెనక వెళ్లి పడింది.

ఆరు.

నేను ఎంత మాట్లాడితే అంత చేటు. ఆ ముక్క అప్పుడు అర్థమైంది. ఇక చెల్లెలితో మాట్లాడకూడదు. మైకుని ఐదు నుంచి తీసి మూడుకి మార్చాలి, డ్రమ్మరు చెవికి. మౌసు రెండుసార్లు జారింది. మూడోసారికి పడింది.

"పట్టుకో. చెల్లెల్ని పట్టుకో."

డ్రమ్మరు తలెత్తాడు. కర్రలు కిందపడ్డాయి. రెండంగల్లో వచ్చి వెనక నుంచి చెల్లెలి భుజాలు వాటేసి లాగాడు. అప్పటికే తన కుడి పాదం అంచు దాటి గాలిలో ఉంది.

జనం చప్పట్లు కొట్టారు.

షో అక్కడితో ఆగిపోయింది. మేకప్ గదిలో చెల్లెల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, డ్రమ్మరు మేనేజరుతో మాట్లాడటానికి వెళ్లాడు. ఇయర్‌ఫోన్లు తనే పీకి బల్ల మీద పడేసింది. నేను కాళ్ల దగ్గర కూర్చుని అన్నీ చెప్పేశాను. రికార్డు చేసింది, గొయ్యి సంగతి దాచింది, అన్నీ. చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి అన్నయ్యా," అంది. "అందులో నువ్వెవరో నాకు తెలియలేదు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. పన్నెండేళ్లు నా మాట మీద నడిచిన పిల్ల. నా గొంతు తప్ప తనకి కళ్లేవి?

తను చేతులు చాచి నా ముఖం తడుముకుంది. వేళ్లు నా పెదవుల మీద ఆనించింది. ఏదైనా మాట్లాడమంది. తప్పయిపోయిందన్నాను. ఇంకెప్పుడూ ఏదీ రికార్డు చెయ్యనన్నాను, ప్రతి మాటా నా నోటితోనే చెప్తానన్నాను. వేళ్ల కింద నా పెదవులు కదులుతుంటే తన భుజాలు కాస్త సడలాయి.

"ఇది నువ్వే," అంది. చిన్నగా నవ్వింది కూడా. "చాల్లే, ఇంక ఊరుకో."

ఊరుకున్నాను.

వేళ్లు తియ్యలేదు. కాసేపటికి ఆ నవ్వు తగ్గింది. కనుబొమలు ముడిపడ్డాయి. వేళ్లతో నా పెదవుల్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా తడిమింది. గట్టిగా మూసుకునే ఉన్నాయి.

"ఊరుకోమన్నానుగా... ఇంకా చెప్తున్నావేంటి?"

తల అడ్డంగా ఊపాను. గదిలో ఏ చప్పుడూ లేదు. తను వింటోంది. నోరు తెరవాలంటే నాకు భయమేసింది... తెరిస్తే ఎవరి మాట వస్తుందోనని.

తన చేతులు నా ముఖం మీంచి జారిపోయాయి.

"సరే అన్నయ్యా," అంది మెత్తగా. లేచి నిలబడి, తలుపు వైపు ఒక అడుగు వేసింది.