ఫ్రేములో చూపుడువేలు

రఘునందన్‌కి దేవుడిచ్చిన వరం ఒకటుంది. పెళ్ళాం తీసిన ఏ ఫోటోలోనైనా ఆయనకి ముందు కనిపించేది ఆవిడ వేలే! మనసుకి నచ్చింది కనిపిస్తే పార్వతీదేవి మైమరచి ముందుకి వంగుతుంది, ఎడమ చూపుడువేలు జారి లెన్సు మీదికెక్కుతుంది.

"అన్నప్రాశన బాగానే వచ్చింది. నీ వేలు ఇంకా బాగా వచ్చింది" అంటాడాయన.

ఆ పీడ వదిలిద్దామని కొంపల్లి ఆడవాళ్ళంతా మెచ్చుకునే యజ్ఞనారాయణ ఫోటోగ్రఫీ క్లాసులో చేర్పించాడు.

అసురసంధ్య వేళ... శామీర్‌పేట చెరువు వెనక, క్లాసు జరిగే పాత బంగళాకి ఆవిణ్ణి తీసుకొచ్చాడు. పడమటి దిక్కంతా రుధిరవర్ణం! ఎక్కడో ఉరుము... చూరులో గుడ్లగూబ ఘూంకారం!

గేటు దగ్గర వాచ్‌మన్ ఎల్లయ్య గొంతు తగ్గించాడు. "వాపస్ పోండ్రి అమ్మా. లోపలికి పోయినోళ్ళ కండ్లు ఎనకకు వస్తలేవు."

"కళ్ళదేముందయ్యా, మా ఆవిడ వేలు రాకపోతే చాలు!" అన్నాడు రఘునందన్.

లోపల ఎదురింటి నవ్యశ్రీ నిలబడి ఉంది. ఆర్నెల్ల క్రితం ఈ క్లాసులో చేరేదాకా కూరల బండినీ కూతురి ఊడిన పన్నునీ ఫోటోలు తీసుకుంటూ గలగలా నవ్విన పిల్ల! ఇప్పుడు ఆమె తీసే ఫోటోలన్నీ అచ్చం గురువుగారు తీసినట్టే... కనుపాపలు మాత్రం పాలమీగడలా తెల్లబడ్డాయి.

తలుపులు వాటంతటవే మూసుకున్నాయి!

బల్లమీద కపాలం. నేత్రగహ్వరాల్లో రెండు లెన్సులు. యజ్ఞనారాయణ పాత రీలు కెమెరా పార్వతి చేతిలో పెట్టాడు.

"ఈ కపాలాన్ని మూడుసార్లు తియ్యి! నా కోణంలో, నా వెలుగులో! నీదంటూ ఏ గుర్తూ ఉండకూడదు. మూడూ నావైతే... నీ చూపు నాది!"

"తియ్యవే!" నవ్యశ్రీ నోట మగగొంతు గర్జించింది.

పార్వతి చేతులు తన ప్రమేయం లేకుండానే లేచాయి. క్లిక్! ఎడమకన్ను ఆరిపోయింది.

"ఏవండీ!"

"వదిలెయ్యండి గురువుగారూ! నా కళ్ళు తీసుకోండి!" రఘునందన్ గోడకి అతుక్కుపోయి అరిచాడు.

క్లిక్! కుడికంట్లో వత్తి తగ్గించిన దీపమంత వెలుగు మిగిలింది...

ఆ కాస్త వెలుగులో ఆమెకి కపాలం ముందుపళ్ళ మధ్య చిన్న సందు కనిపించింది. నవ్వబోయి ఆగినట్టుంది. పాపం, ఎవరింటి మనిషో! ఇంకా దగ్గరగా చూడాలనిపించి, ఎప్పటిలాగే ముందుకి వంగింది.

క్లిక్!

యజ్ఞనారాయణ వికటాట్టహాసం మధ్యలో తెగిపోయింది. కపాలం గిర్రున గురువు వైపు తిరిగింది. లెన్సులు ఫెళ్ళున పగిలాయి!

"ఎవరిదా వేలు...? తియ్! తియ్యవే!"

తన మంత్రమే తనమీద తిరగబడి, నిప్పంటుకున్న రీలులా మెలికలు తిరిగి ముడుచుకుపోయాడు యజ్ఞనారాయణ... గుప్పెడు బూడిద!

నవ్యశ్రీ కళ్ళలోకి నలుపు దిగింది. "అక్కా! పొయ్యిమీద పాలు పెట్టొచ్చాను!"

ఆ పాలు పొంగి ఆర్నెల్లయిందని చెప్పడానికి పార్వతికి మనసొప్పలేదు. రెండు కళ్ళూ నులుముకుని మొగుడి వంక చూసింది. ఆయన వచ్చి ఆమె ఎడమ చూపుడువేలు గట్టిగా పట్టుకుని, వదల్లేదు.

"తప్పు నాదే పార్వతీ" అన్నాడు, ఎల్లయ్యకి కూడా వినపడేంత గట్టిగా. "ఇన్నాళ్ళూ ఆ ఫోటోలు చూడ్డమే నాకు రాలేదు."