పదకొండో అద్దం

ఆ రోజు పొద్దున జనగామ మీద ఆకాశం, చెరువు ఎండినాక నేల నెర్రెలు విచ్చినట్టు, తెల్లటి ముక్కలుగా పగిలి ఉంది. వాన రాదు, ఎండా సరిగా కాయదు. పత్తి మార్కెట్ ముందు ట్రాక్టర్ల మీద కూర్చున్న రైతులు తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నారు.

సంజీవ మూడో ట్రాక్టర్ దగ్గర ఆగాడు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి పత్తి మూటకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"తేమ ఎంత?"

"పదమూడు."

పన్నెండు దాటితే పత్తి కొనరు. పదమూడు ఉన్నా ఏ రైతూ తన నోటితో పదమూడు అనడు. అదే కోడ్. తలపాగా కింద ఉన్నది ఇంటెలిజెన్స్‌లో సంజీవకు పై అధికారి, సుదర్శన్.

"గౌతమ్ శవం దొరికింది," అన్నాడు సుదర్శన్. "భూపాలపల్లి అవతల వదిలేసిన బొగ్గు గుంతల. చేతి వేళ్లు లేవు."

గౌతమ్‌తో సంజీవ ఆరేళ్లు ఒకే గదిలో పడుకున్నాడు. ఈ కేసు మీద మొదట పంపింది గౌతమ్‌నే. మూటలోంచి పత్తి కొంచెం పీకి, గింజ తీసి, పారేశాడు.

"నువ్వు పంపిన పాఠాల కార్డులు ఎక్స్‌పర్ట్‌కు చూపించినం. జపనీస్ ఎన్-టు పరీక్షకు పోయేటోళ్లకు ఇంకా నాలుగు వందల దాక కొత్త కంజీ అక్షరాలు రావాలె. మీ కోచింగ్ సెంటర్ల ఆరు నెలలకు చెప్పింది సగం గూడ లేదు. ఏవేవి చెప్పిన్రు? బ్యాంకు ఖాతా, పింఛను, వారసత్వం, ఆపరేషన్, యాక్సిడెంటు. చెట్టు చేమ లేదు, వాన లేదు, ప్రయాణం లేదు. గిది పరీక్ష సిలబస్ కాదు సంజీవా. జపాన్‌ల ఒంటరిగ ఉన్న ముసలోళ్లను ఫోన్ల బెదిరించి దోచే సిలబస్."

"పిల్లలకు తెల్వదు."

"తెల్వదు. దేశం బయట ఒక కాంపౌండ్ ఉన్నది. చుట్టూ కరెంటు తీగ. జపనీస్ చదివెటోళ్లు అండ్ల తక్కువ పడ్డరు. ఆదివారం చెన్నైల పరీక్ష, శుక్రవారం మీ బస్సు. అది చెన్నైకి పోదు."

"సెంటర్ నడిపే శశికళ మేడమ్ మన మనిషి కద సార్."

"రెండేండ్ల సంది మన పేరోల్ మీద ఉన్నది. మూడేండ్ల సంది వాళ్ల దాని మీద."

"మరి బస్సు ఆపుదమా?"

"ఆపితే ఏం దొరుకుతది? ఒక డ్రైవర్. నాకు కాంపౌండ్ అడ్రస్ గావాలె. పోనీ."

"పదిహేడు మంది సార్."

"పదహారు. పదిహేడోవానివి నువ్వు."

సుదర్శన్ అగ్గిపెట్టె అందించాడు. అందులో బొటనవేలి గోరంత గుండ్రటి అద్దం. వెనక, అది ఎక్కడుందో చూపించే పల్చటి సర్క్యూట్. ఆరు నెలల బ్యాటరీ. "మీ సామాను వాళ్లు వెతుకుతరు. చచ్చినా వదలని వస్తువు ఎవరి దగ్గరున్నదో చూసి, అండ్ల పెట్టు."

సంజీవకు ఆలోచించే పని పడలేదు. అంత చిన్న అద్దం ఎక్కడ కలిసిపోతుందో సుదర్శన్ అడగలేదు, అతను చెప్పలేదు. క్లాసులో లాలి అనే పిల్ల అద్దాల సంచి.

*

జనగామ బస్టాండు వెనక, మెడికల్ షాపు పైన రెండు గదులు. అదే కోచింగ్ సెంటర్. అక్కడ అందరి దృష్టిలో సంజీవ ఎరువుల దుకాణం మునిగి, జపాన్‌లో పొలం పనికైనా పోదామనుకుంటున్న మనిషి. ముప్పై ఆరేళ్లు. పిల్లలు పెద్దన్న అని పిలిచి నవ్వేవారు.

శశికళ క్లాసుకు వచ్చేటప్పుడు ముందు సెంటు వాసన, తర్వాత చెప్పుల చప్పుడు, తర్వాత మనిషి వచ్చేది. బూడిదరంగు పట్టుచీర, నల్లటి కళ్లద్దాలు. "నా కార్డులు తప్ప వేరే పుస్తకం ముట్టొద్దు. ముడితే కన్‌ఫ్యూజ్ అయితరు," అనేది. పిల్లలు ముట్టలేదు. చదువు చెప్పే మనిషి మాట మీద అనుమానం అనేది వాళ్ల ఊళ్లలో ఎవరూ నేర్పలేదు.

లాలిది గంగారం దగ్గరి తండా. నర్సింగ్ చదివింది. ఎన్-టు పాసైతే ఒసాకాలో ఒక ఆసుపత్రి తీసుకుంటానని కాగితం ఇచ్చింది. ఆ కాగితం డిసెంబరు పరీక్ష దాకానే చెల్లుతుంది. దాన్ని మడిచి ఆమె కార్డుల సంచిలోనే పెట్టుకుంది. వాళ్లమ్మ చనిపోయే ముందు కుట్టిన సంచి. ఎర్ర గుడ్డ మీద పదకొండు అద్దాలు. పదకొండోది పగిలి, చుట్టూ దారం మాత్రం మిగిలి ఉంది.

కంజీలు సంజీవ చేతికి లొంగేవి కావు. లాలి అతని నోట్‌బుక్ లాక్కునేది.

"గట్ల గీకొద్దన్నా. గిది కుట్టు. ఏ పోగు ముందు, ఏ పోగు ఎనుక తెలిస్తే చెయ్యి మరువది. గిది చూడు. ఎడమ దిక్కు నీళ్లు. కుడి దిక్కు తలుపు. తలుపు కింద పెద్ద. కన్నీళ్లు అని."

"ఎట్ల యాదికుంటది?"

"పెద్దమనిషి తలుపు సాటుకు పోయి ఏడుస్తున్నడు అనుకో. మా అవ్వ పోయిన్నాడు మా బాపు గట్లనే ఏడ్సిండు. మాకు కనవడొద్దని."

బుధవారం మధ్యాహ్నం ఆమె సంచి బల్ల మీదే వదిలి టిఫిన్ గిన్నె కడగడానికి కిందికి పోయింది. సంజీవ సూది తీశాడు. పగిలిన అద్దం ఉన్నచోట కొత్తది పెట్టి, ఎర్ర దారంతో నాలుగు దిక్కులా బిగించాడు. రెండు నిమిషాల పని. లాలి వచ్చి సంచి భుజాన వేసుకుంది. అద్దాన్ని ఒకసారి వేలితో ముట్టి, అతని వంక చూసింది.

ఆ కార్డుల్లో సగం సిలబస్ లేదని అతనికి తెలుసు. పాసవ్వదని తెలుసు. అసలు పరీక్షకే పోదని తెలుసు. "మంచిగ రాయి," అన్నాడు.

*

శుక్రవారం పొద్దున ఆరింటికి బస్సు కదిలింది. పాస్‌పోర్టులు ముందే తీసుకున్నారు. పరీక్షలో గుర్తింపుకు అన్నారు. ఫోన్లు ఒక డబ్బాలో వేయించుకున్నారు. పరీక్ష రూలు అన్నారు. మిథున్ అనే కుర్ర మేనేజరు డోరు దగ్గర కూర్చున్నాడు. చొక్కా కింద నడుము దగ్గర ఉబ్బుగా ఉంది.

"రైలు టికెట్లు కన్‌ఫర్మ్ కాలేదు. నాగపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఫ్లైట్. ఖర్చు మాదే," అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక్కరూ అదివరకు విమానం ఎక్కలేదు.

మొగుళ్లపల్లి దగ్గర పత్తి లారీల వెనక బస్సు ఆగినప్పుడు, డ్రైవర్ వెనక సీట్లో ఉన్న సంజీవ వెనక్కి తిరిగాడు. లాలి ఒళ్లో చేతులు ఉత్తగా ఉన్నాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి, కంజీలు వల్లిస్తూ.

"సంచి ఏది?"

"మేడమ్‌కు ఇచ్చిన. కార్డులు నోటికొచ్చినయి కదన్నా. ఒసాకా కాగితం గూడ అండ్లనే, ఆసుపత్రికి మేడమే పంపుతనన్నది."

"మీ అవ్వ సంచి."

"మరి నేర్పినోళ్లకు ఉత్త చేతుల్తోని దండం పెడ్తమా? మాకున్న దాంట్ల పెద్దది ఇయ్యాలె. గిన్నొద్దులు ఇయ్యలేకపోయిన. పగిలిన అద్దమున్నది ఇస్తే అరిష్టం." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు బాగుచేసినవు కాబట్టే ఇచ్చిన. నాకు ఎర్కే అన్నా. గా కుట్టు మా తండాది కాదు. సూది పట్టుడు రాదు నీకు."

సంజీవ ముందుకు తిరిగి కూర్చున్నాడు.

శశికళ పొద్దున కారెక్కి మహబూబాబాద్ వైపు పోయింది. అక్కడ చెన్నై రైలు ఎక్కుతుంది. సుదర్శన్ స్క్రీన్ మీద చుక్క మహబూబాబాద్ స్టేషన్‌లో వెలుగుతుంది. మనుషులంతా అక్కడే ఉంటారు. ఈ బస్సు ఎటు పోతున్నదో ఈ లోకంలో ఎవరికీ తెలియదు. గోదావరి వంతెన దాటితే మహారాష్ట్ర. అవతల ఇంకో బండి, ఇంకో మనుషులు.

డ్రైవర్ చందు గోదారి ఒడ్డు మనిషే. ఈ బేరం సంగతి అతనికి తెలియదు. పొద్దుటి నుంచి తన కూతురి ముక్కు కుట్టించిన కథ చెబుతున్నాడు.

"గోదారి కాడ ఆపుతవా తమ్మీ?" అన్నాడు సంజీవ మెల్లగా.

"బస్సు ఎక్కడా ఆగదు," అన్నాడు మిథున్ డోరు దగ్గర నుంచి.

చందు అద్దంలో సంజీవకు కన్ను గీటాడు. "ఆపనన్నా. జర మెల్లగ పోనిస్త. రూపాయి ఎయ్యకుంట గంగ దాటితే మా అవ్వ అన్నం పెట్టది."

*

పదకొండున్నరకు వంతెన ఎక్కారు. కింద ఇసుక, ఇసుక మధ్య సన్నటి నీటి పాయలు. సగం దాకా తెలంగాణ. సగం తర్వాత కాదు.

నీళ్ల మీదికి రాగానే చందు బ్రేకు మీద కాలు పెట్టాడు. పిల్లలంతా కిటికీల్లోంచి చేతులు చాపి రూపాయలు విసురుతున్నారు.

"ఏయ్, పోనియ్," అన్నాడు మిథున్ లేస్తూ.

చందు కూడా నాణెం కోసం జేబులో చెయ్యి పెట్టాడు. స్టీరింగ్ దగ్గర ఆ చెయ్యి లేని ఒక్క క్షణం కోసమే సంజీవ యాభై కిలోమీటర్లుగా కూర్చుని ఉన్నాడు. ముందుకు వంగి తాళం తిప్పి, పీకి, కిటికీలోంచి విసిరేశాడు. రూపాయలతో పాటు అది కూడా గోదావరిలో పడింది.

బస్సు దగ్గి ఆగింది. ముందు చక్రాల నుంచి సరిహద్దు బోర్డు పది అడుగులు.

మిథున్ పిస్తోలు తీశాడు. గురి సంజీవ మీద. చందు ఏం జరిగిందో తెలియక, "అన్నా, తాళం ఎందుకు..." అంటూ మధ్యలోకి లేచాడు.

గుండు అతనికి తగిలింది. రూపాయి ఇంకా చేతిలోనే ఉంది.

రెండో గుండు పేలేలోపు సంజీవ మిథున్ మణికట్టును డోరు సందులో పెట్టి తలుపు మూశాడు. ఎముక విరిగిన చప్పుడు వెనక సీటు దాకా వినిపించింది. పిస్తోలు రోడ్డు మీద పడింది. మిథున్ తలుపు తోసుకుని దిగి, వంతెన గోడ ఎక్కి, నదిలోకి దూకాడు. పట్నం మనిషి. నీళ్లు మెరిస్తే లోతు అనుకున్నాడు. డిసెంబరులో ఆ పాయ మోకాలి లోతే.

సంజీవ తీరిగ్గా గట్టు తిరిగి దిగి వెళ్లాడు. మిథున్ రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర తప్పు దిక్కుకు తిరిగి ఉన్నాయి.

"అడ్రస్."

"దవాఖానకు తీసుకుపోన్రి... సచ్చిపోత."

"గౌతమ్‌ను ఎంతసేపు పాణంతోని ఉంచిన్రు? నాకు తొందర లేదు."

అతను పక్కన ఇసుకలో కూర్చుని, తడిసిన చెప్పులు విడిచి ఎండబెట్టాడు. ఇరవై నిమిషాలకు అడ్రస్ వచ్చింది. చెప్పులు ఇంకా ఆరలేదు. ఆరేదాకా కూర్చున్నాడు.

పైన లాలి చందు ఛాతీ మీద తన చున్నీ అదిమి పట్టుకుని ఉంది. అతను పోయి చాలాసేపైంది. నర్సు కాబట్టి ఆమెకు అది తెలుసు. అయినా చెయ్యి తీయలేదు.

*

మిగతాదంతా కాగితాల మీద జరిగింది. పదహారు మందినీ సాక్షులన్నారు. భూపాలపల్లిలో ఒక గెస్ట్‌హౌస్‌లో సోమవారం దాకా ఉంచారు. ఆదివారం పరీక్ష వాళ్లు లేకుండానే అయిపోయింది. చందుది రోడ్డు ప్రమాదం అని రాశారు. శశికళను శుక్రవారమే మహబూబాబాద్ ప్లాట్‌ఫాం మీదే పట్టుకున్నారు. ఆ సాయంత్రానికి ఆమె సుదర్శన్ ఎదురుగా కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది.

"ఇప్పుడు మొత్తం మనకే పనిచేస్తది," అన్నాడు సుదర్శన్. "జీతం పెంచినం. అడ్రస్ బ్రహ్మాండం సంజీవా. చుక్క తప్పు దిక్కు పోయింది గని, ఫలితం వచ్చింది."

"సంచి నాకియ్యండి సార్."

మరుసటి శుక్రవారం సంజీవ గంగారం అవతల, అడవి అంచున ఉన్న తండాకు పోయాడు. లాలి ఇంటి ముందు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాళ్ల నాన్న భిక్షం మంచం వాల్చాడు.

సంజీవ సంచి ఇచ్చాడు. పదకొండో అద్దం ఏమిటో చెప్పాడు. బస్సు ఎటు పోతుందో తనకు ముందే తెలుసని చెప్పాడు. ఏదీ తగ్గించలేదు.

లాలి సంచి ఒళ్లో పెట్టుకుని అడిగింది. "పరీక్ష రాసి ఉంటే పాసయ్యేదాన్నా?"

"అయ్యేదానివి కాదు. సగమే నేర్పిన్రు."

"నీకు ఎప్పటిసంది ఎర్క?"

"పది రోజుల సంది."

"మంచిగ రాయి అన్నవు."

"అన్న."

ఆమె సంచిలోంచి ఒసాకా కాగితం తీసి, చదివి, మళ్లీ అదే మడతల మీద మడిచింది. భిక్షం లేచి లోపలికి పోయాడు. తలుపు వెనక కొంచెంసేపు ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పటికి ముఖం కడుక్కుని ఉన్నాడు.

"సారూ, పొద్దు ఎక్కింది. తిని పో," అన్నాడు.

ఇంటికొచ్చినవాడు శత్రువైనా తినకుండా పంపరు. లాలి మూడు కంచాలు పెట్టింది. జొన్న రొట్టె, ఎండుమిరప తొక్కు, పలచటి పప్పు. సంజీవకు వడ్డించేటప్పుడు ఆమె చెయ్యి తగ్గలేదు, పెరగలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. ఎవరూ ఇంకో రొట్టె అడగలేదు.

సంచి గోడకు వేలాడుతోంది. హైదరాబాద్‌లో ఎవరూ చూడని ఒక స్క్రీన్ మీద చుక్క కదలకుండా వెలుగుతోంది. బ్యాటరీకి ఇంకా అయిదున్నర నెలల ప్రాణం ఉంది. లాలి ఎక్కడుందో అది ఇప్పుడు సరిగ్గా చూపిస్తోంది.