సర్వర్ స్లో ఉంది, రేపు రా

ఆదివారం పొద్దున కరీంనగర్‌లో బస్సెక్కిన ముకర్రం ఆదిలాబాద్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. ఇచ్చోడ దగ్గర పట్టుకున్న వాన ఊళ్లోకి కూడా వెంటే వచ్చింది. బ్యాగు నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లో నీళ్లు చప్పుడు చేస్తుంటే, మూడు వీధులు నడిచి స్కానింగ్ సెంటర్ చేరుకున్నాడు.

సెలవు రోజు కాబట్టి షట్టర్ సగం దించి ఉంది. లోపల క్యాథరిన్ ఒక్కతే ఉంది. ఈ సెంటర్ తెరిచిన నాటి నుంచీ ఇక్కడ స్కాన్లు తీసేది ఆమే. షట్టర్ కింద నుంచి వంగి వచ్చిన అతనికి తువ్వాలు అందించింది గానీ నవ్వలేదు. పోయినేడాది అతను వచ్చినప్పుడు చాయ్ తెప్పించి, ఇంట్లో వాళ్లందరి గురించీ అడిగిన మనిషి.

"ఏం తకలీఫ్ అక్కా?" అన్నాడు తల తుడుచుకుంటూ.

"ఏమున్నది భాయ్. ఒక్క స్కాను తెరవాలంటే పావుగంట పడుతుంది. పేషెంట్లు కూసొని కూసొని తిట్టుకుంట పోతున్నరు. పొద్దుగాల మంచిగనే ఉంటది. మూడు కొట్టంగనే సురువైతది. ఆరింటి దాక గంతే."

"రోజూ మూడింటికేనా?"

"రోజూ."

సర్వర్ గది సెంటర్‌కు చివర, మెట్ల కింద ఉంది. కిటికీ లేదు. తలుపు తీయగానే ఏసీ చలి తడిచొక్కాలోకి దూరింది. బీరువా ఎత్తు నల్లటి అరల్లో అరవై డిస్కులు, ఒక్కోదానికీ ఒక పచ్చ దీపం. జిల్లా మొత్తం నుంచి వచ్చిన జనం తలలు, వెన్నెముకలు, ఊపిరితిత్తులు అందులో ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో ఫోల్డర్. ఫోల్డర్‌కు పేరుండదు, నంబరే.

ముకర్రం లాప్‌టాప్ తగిలించి పని మొదలుపెట్టాడు. పన్నెండేళ్లుగా ఇదే పని. సర్వర్ ఎందుకు నెమ్మదించిందో కనిపెట్టాలంటే ముందు ఏది బాగుందో చూసుకుంటూ పోవాలి. ప్రాసెసర్ ఖాళీగా ఉంది. మెమరీ సరిపోను ఉంది. డిస్కుల్లో ఒక్కటీ చెడిపోలేదు. స్థలం సగానికి పైగా ఖాళీగా ఉంది. ఉండదా మరి. పోయినేడాది ఇదే సర్వర్ నిండిపోయి మొరాయిస్తే, పాత స్కాన్లన్నీ తుడిచేసి బాగుచేసింది అతనే.

అంతా బాగానే ఉంది. ఏ జబ్బూ కనబడలేదు.

మూడయింది.

అరవై దీపాలూ ఒకేసారి మిణుకుమనడం మొదలుపెట్టాయి. డిస్కుల లోపలి నుంచి చప్పుడు లేచింది. రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు... ఆగకుండా. క్యాథరిన్ గుమ్మం దాకా వచ్చి అక్కడే నిలబడింది. లోపలికి రాలేదు.

సర్వర్‌ను ఎవరు ఏమడుగుతున్నారో, అది ఏం జవాబిస్తుందో వరుసగా రాసేలా ముకర్రం ఒక ఆదేశం ఇచ్చాడు. తెర నిండిపోయింది. అన్ని వరుసలూ ఒకటే. ఎవరో 40718 నంబరు ఫోల్డర్ అడుగుతున్నారు. సర్వర్ లేదంటోంది. మళ్లీ అడుగుతున్నారు. లేదంటోంది. సెకనుకు నాలుగు వేల సార్లు.

"దొరికిందక్కా," అన్నాడు తేలికపడి. "లేని ఫోల్డర్‌ను ఎవరో అడుగుతనే ఉన్నరు. లేదు, లేదు అని చెప్పుకుంటనే సర్వర్ అలిసిపోతుంది. ఏదో కంప్యూటర్‌ల సాఫ్ట్‌వేర్‌కు పిచ్చిలేసినట్టుంది."

"ఏం నంబరు?"

చెప్పాడు.

క్యాథరిన్ చేయి గుమ్మానికి ఆనించింది. తర్వాత మెల్లగా అంది. "మోషేది."

ఆ పేరు ముకర్రం ఒక్కసారే విన్నాడు, అదీ ఫోన్లో. బోథ్ నుంచి ఆనందమ్మ అనే కూలి మనిషి కొడుకు. తొమ్మిదేళ్లు. తలలో గడ్డ. రెండేళ్ల నాటి స్కాను చూస్తేగానీ గడ్డ ఎంత పెరిగిందో తెలియదని, అది తెలిస్తేనే ఆపరేషన్ సంగతి చెబుతామని హైదరాబాద్ డాక్టర్లు అన్నారు. ఇంట్లో ఉన్న ఫిల్ము వానకు తడిసి పాడైంది. ఆమె ఇక్కడికి వచ్చింది. అప్పటికి వారం కిందటే ముకర్రం పాతవన్నీ తుడిచేశాడు. తుడిచే ముందు కాపీ ఉందా అని అడిగితే, "ఉన్నదిలే" అన్నాడు మేనేజర్ లింగమూర్తి. ఉందో లేదో ముకర్రం తెరిచి చూడలేదు. చూస్తే ఇంకో రోజు పట్టేది. తర్వాత తేలింది, కాపీ లేదని.

లింగమూర్తి ఫోన్ చేసి అడిగాడు, ఏం చెబుదామని. ముకర్రమే చెప్పాడు. సర్వర్ స్లో ఉంది, రేపు రా అని చెప్పండి సార్, నాలుగు రోజులు తిరిగి వాళ్లే మానేస్తారు.

"నాలుగు రోజులు కాదు భాయ్," అంది క్యాథరిన్, అతని మనసులో మాట విన్నట్టు. "పందొమ్మిది రోజులు వచ్చింది. బోథ్ బస్సు మూడింటికి దిగేది. ఆరింటి బస్సుకు పొయ్యేది. రెండో కౌంటర్ ముందట నిలబడి అడిగేది. సర్వర్ స్లో ఉందమ్మా, రేపు రా అని నేనే చెప్పిన. నా నోటితోని. మా చర్చి మనిషే ఆమె. ఇరవయ్యో నాడు రాలే. పిలగాడు పోయిండు. నెల దాటకముందే ఆమె కూడ పోయింది."

ముకర్రం తల ఎత్తలేదు. అడుగుతున్న కంప్యూటర్ ఏదో వెతికాడు. తెర మీద పేరు వచ్చింది. కౌంటర్ రెండు.

"గా కంప్యూటర్ ఎక్కడున్నది?"

"అటక మీద. పోయినేడాదే తీసి పడేసినం."

"ఇంకో దానికి గదే పేరు పెట్టి ఉంటరు," అన్నాడు. లేచి, సర్వర్‌కు వచ్చే కేబుళ్లు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. ఎక్స్‌రే గది. డాక్టర్ గది. మొదటి కౌంటర్. ఆఖరికి బయటి లైను. ఇక ఒక్క తీగ మిగల్లేదు. అతని లాప్‌టాప్ తప్ప లోకంలో ఏదీ ఆ సర్వర్‌తో మాట్లాడే వీల్లేదు.

తెర మీద వరుసలు ఆగలేదు.

లేదు. లేదు. లేదు. లేదు...

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన నూలు చీర వాసన. దాని వెనకే తలనొప్పికి రాసే బామ్ ఘాటు... చిన్నపిల్లల నుదుటికి రాత్రుళ్లు రాసి రాసి తల్లుల వేళ్లకు పట్టుకుపోయే ఘాటు. బయట హాల్లో ఇనుప కుర్చీ కిర్రుమంది. ఎవరో లేచినట్టు.

"షట్టర్ వేసినవా?" అని గుసగుసగా అడిగాడు.

"నువ్వు రాంగనే వేసిన."

అడుగులు లేవు. కానీ మాట వచ్చింది. రెండో కౌంటర్ ఉండే చోటు నుంచి, అలసిపోయిన, మర్యాదైన గొంతు.

"సారూ... ఇయ్యాలన్న దొరికిందా?"

క్యాథరిన్ కళ్లు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. ప్రార్థన అనుకున్నాడు. కాదు. "చెప్పకు... గా మాట చెప్పకు..." అంటోంది.

ఆ మాట నిజంగానే అతని నాలుక మీదికి వచ్చి ఉంది. సర్వర్ స్లో ఉందమ్మా... పళ్లు బిగబట్టాడు. గొంతు ఇంకాస్త దగ్గరైంది. కోపం లేదు అందులో. కోపం ఉంటే బాగుండేది.

"దొరికిందా సారూ?"

అతని వేళ్లు లాప్‌టాప్ మీదికి పోయాయి. కొత్త ఫోల్డర్. పేరు 40718. నొక్కాడు.

తెర మీద ఒకే ఒక్క వరుస వచ్చింది. ఉంది.

చప్పుడు ఆగిపోయింది. దీపాలు నిలకడగా పచ్చబడ్డాయి. బయట వాన తప్ప ఏమీ వినబడలేదు.

క్యాథరిన్ కళ్లు తెరిచి అడిగింది. "ఏం జేసినవ్?"

"గా నంబరుతోని ఫోల్డర్ పెట్టిన."

"లోపట ఏమున్నది?"

"ఏం లేదు. ఖాళీది."

ఆమె అతన్ని కాసేపు చూసింది. "అంటే మళ్ల అబద్ధమే చెప్పినవ్."

అతను కేబుళ్లు తగిలించి, రిపోర్టులో కారణం దగ్గర సాఫ్ట్‌వేర్ లోపం అని రాసి, ఆరింటి లోపలే బస్సెక్కాడు.

బుధవారం లింగమూర్తి ఫోన్ చేసి తెగ మెచ్చుకున్నాడు. సర్వర్ ఇంత జోరుగా ఎన్నడూ నడవలేదట. ఆ సాయంత్రమే, ముకర్రం కరీంనగర్‌లో తన షాపులో బల్ల ముందు కూర్చుని ఉండగా, క్యాథరిన్ ఫోన్ వచ్చింది.

"భాయ్, గా ఫోల్డర్ ఖాళీగ లేదు."

అతను ఫోన్‌ను ఎడమ చెవికి నొక్కి పట్టుకున్నాడు.

"తల స్కాను. నూట అరవై బొమ్మలు. పేరు మోషే. వయసు పదేండ్లు అని ఉన్నది. బతికుంటే ఇప్పుడు పదే. తేదీ ఇయ్యాల్టిది. ఇయ్యాల మా మిషనే నడువలే భాయ్, ఇంజనీరు వచ్చి విప్పి పెట్టిండు."

"పాతది ఏదన్న..."

"పాతది కాదు. పిలగాడు కదలకుంట ఇద్దరు తల పట్టుకున్నరు. చేతులు కూడ పడ్డయి బొమ్మల. ఒక దిక్కు ఆడమనిషి చెయ్యి, గాజులు తెలుస్తున్నయి. ఇంకో దిక్కు మొగాయన చెయ్యి. కుడి చెయ్యి. ఉంగరం వేలుకు లావుపాటి ఉంగరం, రాయిది. లోహం కదా, చుక్కలెక్క మెరుస్తుంది." ఆమె ఊపిరి వినబడింది. "ఇంటున్నవా?"

ఆదివారం నుంచి ముకర్రం కుడిచేయి మొద్దుబారి ఉంది. ఉంగరం వేలికున్న రాయి పొదిగిన వెండి ఉంగరం సబ్బు రుద్దినా రావడం లేదు. వాన నీళ్లలో నానడం వల్లనే అనుకున్నాడు. ఇప్పుడు ఆ చేయి ఖాళీ బల్ల మీద బోర్లా పెట్టి ఉంది.

దాని కింద, చిన్న నుదురులాంటిది ఏదో, వెచ్చగా, మెల్లగా పక్కకు తిరిగింది.