ఏడో టిక్కు

షోరూమ్‌లో కొత్త కారు తాళాలు ఇచ్చేముందు కొన్నవాళ్లకి ఒక పాఠం చెప్పాలి. కారు తనంతట తాను ఎప్పుడు బ్రేకు వేస్తుంది, గీత దాటితే స్టీరింగ్ ఎందుకు వణుకుతుంది, పక్క అద్దంలో నారింజ దీపం వెలిగితే ఏమిటర్థం... ఇలా పన్నెండు అంశాలు. ఒక్కొక్కటీ వివరించి, కాగితం మీద ఎదురుగా టిక్కు కొట్టి, చివర ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ పాఠం చెప్పేవాడిని అక్కడ అందరూ గురువుగారు అంటారు. గౌరవం కొద్దీ అనుకునేరు, ఉత్త వేళాకోళం.

గురువుగారి పద్ధతే వేరు. ముందు పన్నెండు టిక్కులూ గబగబా కొట్టేసి, సంతకాలు పెట్టించేసుకుని, తర్వాత తీరికను బట్టి పాఠం చెబుతాడు. ఆ తీరిక ఏనాడూ ఉండదు. అందుకని అందరూ ముచ్చటపడే ముక్క ఒక్కటే చూపిస్తాడు. భవనం కింద రెండో అంతస్తు పార్కింగ్‌లో, పొడుగాటి దారి మధ్యలో, పాత చొక్కా తొడిగిన అట్టబొమ్మ ఉంటుంది. ఎన్ని కార్లు మీదికొచ్చినా నవ్వు చెదరదు కాబట్టి పనివాళ్లు దానికి బావగారు అని పేరు పెట్టారు. కారుని బావగారి మీదికి పోనిచ్చి, "ఇప్పుడు కాలు తీసేయండి, అదే చూసుకుంటుంది" అంటాడు. కారు టక్కున ఆగుతుంది. కొన్నవాళ్లు చప్పట్లు కొడతారు. పాఠం అయిపోయినట్టే.

ఆ మధ్యాహ్నం వచ్చినావిడ చప్పట్లు కొట్టే మనిషి కాదు.

మూడు నెలల కిందట ఆవిడ భర్త ఇదే పాఠం విని, ఇదే కారు తీసుకెళ్లాడు. పదకొండో రోజున జోరువానలో, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్ది చనిపోయాడు. బ్రేకు తొక్కిన ఆనవాలే లేదన్నారు. నిద్రపోయి ఉంటాడని విచారణ కాగితాల్లో రాశారు. కారు బాగుచేయడానికి మళ్లీ షోరూమ్‌కే వచ్చింది. ఇప్పుడు తీసుకెళ్లడానికి ఆవిడ వచ్చింది. ఎవరు తీసుకెళ్లినా పాఠం చెప్పి పంపాలన్నది అక్కడి నియమం.

"నోరు జారావో, నీ ఉద్యోగం ఊడుతుంది, జైలుకీ నువ్వే పోతావ్" అని పొద్దున్నే మేనేజరు గట్టిగా చెప్పాడు. "అన్నీ వివరించాను అను. అంతకుమించి ఒక్క మాట వద్దు."

కింది పార్కింగ్‌లో పట్టపగలే చీకటి. మనిషి కదిలితేనే వెలిగే దీపాలు అవి. నడుస్తుంటే ముందువి వెలుగుతూ, వెనకవి ఆరిపోతూ వస్తాయి. చెమ్మగిల్లిన సిమెంటు వాసన, టైర్ల వాసన. ఎక్కడో పైపులోంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి.

ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుంది. పొట్టి మనిషి, సీటు బాగా ముందుకు జరుపుకుంది. గురువుగారు పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఆ రోజు ఆయనకి ఏం చెప్పారో అదే చెప్పండి" అందావిడ. "ఒక్క ముక్క ఎక్కువొద్దు, ఒక్క ముక్క తక్కువొద్దు."

"అన్నీ చెప్పానమ్మా."

"అమ్మా గిమ్మా వద్దు. పాఠం చెప్పండి."

వేరే దారిలేక మొదలుపెట్టాడు. ఆటోమేటిక్ కారు, బ్రేకు వదలగానే బావగారి వైపు కదిలింది. స్టీరింగ్ వెనకున్న తెర మీద దారి బొమ్మ, దాని మీద బూడిదరంగు మనిషి గుర్తు కనిపించాయి. కెమెరాకి ఏది కనపడితే దాన్ని తెర అలా గీసి చూపిస్తుంది.

"ఇప్పుడు కాలు తీసేయండి. అదే చూసుకుంటుంది."

కారు ఆగింది.

"చూశారా!" అనేశాడు, అలవాటు కొద్దీ.

"చూశాను. ఆయన కూడా చూసి, ఇంటికొచ్చి పిల్లలకి కథలు కథలుగా చెప్పాడు." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆనాటి కాగితం తీసి అతని ఒళ్లోకి విసిరింది. "ఏడోది చదవండి."

చదవక్కర్లేదు, అతనికి నోటికొచ్చు. వానలో, పొగమంచులో కెమెరాకి సరిగ్గా కనపడదు, అప్పుడు దీన్ని నమ్ముకోకూడదు. ఎదురుగా నీలం ఇంకుతో చక్కటి టిక్కు.

"ఇది ఆయనకి చెప్పారా?"

"చెప్పాను."

దారి ఆ చివర, బావగారికి చాలా వెనకాల, ఒక దీపం వెలిగింది.

అక్కడెవరూ లేరు. ఉన్నది గోడ. కానీ తెర మీద ఇప్పుడు రెండు బొమ్మలున్నాయి. ఒకటి బావగారు. రెండోది ఆ దీపం కింద... నిలబడి ఉంది.

"అక్కడ... ఎవరో ఉన్నట్టున్నారు."

"నాకెవరూ కనపడట్లేదు. మాట మార్చకండి. సరిగ్గా గుర్తుందా? వాన సంగతి చెప్పారా?"

"ఉంది. రెండుసార్లు చెప్పాను కూడా."

ఇంకో దీపం వెలిగింది. ఇంకోటి. తెర మీది బొమ్మ బావగారిని దాటి ఇవతలికి వచ్చింది. గురువుగారు తలెత్తి అద్దంలోంచి చూశాడు. వెలుతురు, ఖాళీ నేల. ఏసీ చల్లగా కొడుతున్నా వీపంతా చెమట పట్టింది. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. జైలు గుర్తొచ్చి మింగేశాడు.

"పోనీ, ఎంతసేపు చెప్పారు పాఠం?"

"గంట... గంటసేపు."

బొమ్మ మాయమైంది. అమ్మయ్య అనుకునేలోగా అతని పక్క అద్దంలో నారింజ దీపం వెలిగింది. పక్కన, డ్రైవరు కంటికి ఆనని చోట ఏదో ఉందని దాని అర్థం. వేల సార్లు చెప్పిన ముక్క. తలుపు అవతల... అతని భుజానికి జానెడు దూరంలో...

తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు.

"ఆయన నిద్రపోయాడని రాశారు" అందావిడ. "పిల్లల్ని బళ్లో ఏమంటున్నారో తెలుసా? మీ నాన్న నిద్రమొహం అంటున్నారు. ఆయన మీ మాట విన్నాడు. నమ్మి కాలు తీసేశాడు. చివరిసారి అడుగుతున్నా, చెప్పారా?"

"చెప్పానండీ, ఒట్టు..."

టింగ్. టింగ్. టింగ్.

వెనక సీట్లో కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని మోగే గంట అది. తడి బట్టల వాసన కారంతా నిండింది. మెడ మీద నీటిచుక్క ఒకటి పడి, కాలర్లోకి జారింది.

"చెప్పలేదు!" అని అరిచాడు. "చెప్పలేదు... నాలుగు నిమిషాల్లో ముగించేశాను. వాన మాటే ఎత్తలేదు. బొమ్మ చూపించి పంపేశాను. తప్పు నాది... ఆయనది కాదు..."

గంట ఆగిపోయింది.

ఆవిడ పెన్ను ఇచ్చింది. అతను ఏడో టిక్కు మీద అడ్డంగా గీత గీసి, పక్కన 'చెప్పలేదు' అని రాసి, సంతకం పెట్టాడు. ఆవిడ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"పైన మా అన్నయ్య ఉన్నాడు. ఇది ఆయన చేతికిచ్చి, వచ్చి కారు తీసుకెళ్తాను" అంటూ దిగి వెళ్లిపోయింది. వెనక సీటు ఖాళీ. నారింజ దీపం లేదు. గురువుగారికి గుండెల మీంచి బండ దింపినట్టయింది. అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెండు నిమిషాల్లో మేనేజరు దిగొచ్చాడు. అద్దం మీద తట్టాడు.

"ఆవిడ మెట్లెక్కుతూ పేపరు చూపించిపోయింది. ఏం వెలగబెట్టావురా?"

తలుపు తీయకుండా అద్దం కొంచెం దించాడు గురువుగారు. ఆ మొహం చూడగానే మళ్లీ ఉద్యోగం గుర్తొచ్చింది, జైలు గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు.

"బలవంతంగా రాయించుకుంది సార్. ఏడుస్తుంటే జాలేసి రాసిచ్చాను. నేనారోజు అన్నీ చెప్పాను సార్. వాన గురించి కూడా."

"అదీ! అలా అను." మేనేజరు మొహం వెలిగిపోయింది. "ఆ ముక్కే లాయరుకి చెబుతాను, ఉండు." ఫోను చెవికి పెట్టుకుని కారు ముందుకి నడిచాడు. బంపరుకి నాలుగడుగుల దూరంలో, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

టక్‌మని తలుపులకి లాకులు పడ్డాయి.

గురువుగారు హ్యాండిల్ లాగాడు. రాలేదు. అద్దం పైకి లేచి మూసుకుంది.

తెర మీద దారి ఖాళీగా ఉంది. అట్టబొమ్మ లేదు. ఎదురుగా నిలబడి గట్టిగా నవ్వుతూ మాట్లాడుతున్న మేనేజరూ ఆ తెర మీద లేడు.

"సార్... సార్... పక్కకి..."

డ్రైవరు సీటు సన్నగా మూలిగింది. ఖాళీ సీటు. దానంతట అది వెనక్కి జరగడం మొదలుపెట్టింది... పొడుగాటి మనిషి కాళ్లు పట్టేంత వెనక్కి. లోపలి అద్దం కొంచెం పైకి లేచింది. సీటు గుడ్డ మధ్యలో నొక్కుకుపోయింది, దాని చుట్టూ తడి మరక పాకింది.

కింద, ఏ కాలూ లేని చోట, బ్రేకు పెడల్ మెల్లగా లోపలికి దిగింది. గేరు పడింది.

పెడల్ కాసేపు అలాగే ఉంది. తర్వాత, ఏ తొందరా లేకుండా, పైకి లేచింది.