అత్తయ్య గుండ్రటి కళ్ళజోడు

పొద్దున్నే అత్తగారు కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది.

"ఇక నావల్ల కాదమ్మాయ్. ఈ కొత్త కళ్ళజోడు పెట్టుకుని గీత గీస్తే వాలుగా పోతోంది. నిన్న చొక్కా కాలరు వంకరగా కత్తిరించాను. ఈ పని మానేస్తా."

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ కళ్ళజోడు ఆమె చేయించిందే. కళ్ళజోళ్ళ దుకాణంలో కంటి పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం. అత్తగారికి ఆస్టిగ్మాటిజం ఉందని, కంటి ముందుపొర అన్నివైపులా ఒకేలా వంగి ఉండక అక్షరాలకు నీడ పడుతోందని కనిపెట్టిందీ ఆమే. ముచ్చటపడి గుండ్రటి ఫ్రేము ఎంచుకున్నది మాత్రం అత్తగారు.

"జోడు రాకముందే నయం," అన్నాడు కొడుకు బూట్లు తొడుక్కుంటూ. "ఇంట్లోవాళ్ళ మీదేనా నీ ప్రయోగాలు? ఇవాళ వేరే డాక్టరుకి చూపిస్తా."

"రెండుసార్లు పరీక్షించాను. నంబరు తప్పు కాదు."

"అయితే అమ్మ అబద్ధం చెబుతోందా?"

నిన్నటి నుంచీ ఇదే గొడవ. ఆమె మళ్ళీ గరిటె తిప్పసాగింది.

"ఆపరా," అంది అత్తగారు. "మొదటిరోజు బ్రహ్మాండంగా కనబడింది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. మర్నాటి నుంచే ఈ తిప్పలు."

కోడలు తలెత్తింది. "ఆ మధ్యలో ఏం చేశారత్తయ్యా?"

"ఏం చేస్తాను, శుభ్రంగా కడిగాను. అద్దాలు ఊడదీసి, సబ్బుతో తోమి, మళ్ళీ నొక్కేశాను. రోజూ అంతే." స్విచ్చులను కూడా బ్రష్షుతో తోమే మనిషి. ఆ మాట గర్వంగానే చెప్పింది.

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "మీ అద్దంలో సరిదిద్దే పవరు ఒకే దిశలో పని చేస్తుందత్తయ్యా. గుండ్రటి ఫ్రేములో అద్దం ఎలా పెట్టినా పట్టేస్తుంది. కాస్త తిరిగిందంటే గీతలన్నీ వాలిపోతాయి."

అత్తగారిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, వేలికొసలతో అద్దాన్ని మెల్లగా తిప్పింది.

"ఊచలు నిలువుగా ఎప్పుడవుతాయో చెప్పండి."

"ఇంకాస్త... అయ్యో, దాటేశావు. వెనక్కి... ఆఁ, అక్కడే."

రెండో కన్నూ అలాగే సరిచేసింది. "సాయంత్రం దుకాణంలో కొలిచి బిగిస్తాను. అప్పటిదాకా కడగొద్దు."

"సాయంత్రం దాకానా? సరేలే, ఓర్చుకుంటా." అత్తగారు కిటికీ వంక చూస్తూ ఉండిపోయింది. "ఎంత నాజూకు పనమ్మా నీది. గుడ్డకైనా పోగు ఎటు పోతోందో చూసే కత్తెర పెడతాం. అద్దానికీ అంతేనని నాకేం తెలుసు."

తర్వాత కోడలి వైపు తిరిగి, గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"కళ్ళు ఇలా ఉబ్బాయేమిటి? రాత్రంతా ఏడ్చావా?"

కోడలు తల దించుకుంది.

"నాకు జోడు కుదిరాక కనబడింది," అంది అత్తగారు కొడుకుతో. "నీ చూపు బాగానే ఉందిగా, నీకెందుకు కనబడలేదురా?"

అతను గడప దగ్గరే బూట్లు విప్పేసి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.