పట్టుచీర కింద స్పోర్ట్స్ షూస్

"పట్టుచీర మీద స్పోర్ట్స్ షూసా! రేస్ ఎక్కడ మేడం?"

టీచర్స్ డే రోజు, కొత్తగా చేరిన లెక్కల సారు రమాకాంత్ అన్న ఆ మాటకు స్టాఫ్ రూమంతా గొల్లుమంది. సైన్స్ టీచర్ దీప్తి మాత్రం నవ్వలేదు.

"మీ నోటికంటే మెల్లగనే ఉరుకుతయ్ సార్," అని కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లిపోయింది.

మూడేళ్లుగా ఆమెకు మడమల నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుంటుంది. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయాలి. గడ్డకట్టిన నీళ్ల సీసాను అరికాలి కింద దొర్లించాలి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా తిరగకూడదు. ఇంత చేస్తేనే క్లాసుల్లో నిలబడగలిగేది. ఈ సంగతి తెలిసే కిందటేడు కుదిరిన సంబంధం ఒకటి తప్పిపోయింది. అప్పటినుంచి ఎవరికీ చెప్పడం మానేసింది.

ఆ సాయంత్రం స్కూల్ వదిలేసరికి హనుమకొండ అంతటా వాన. గేటు దాటి నాలుగడుగులు వేసిందో లేదో, నొప్పికి ఓర్చుకోలేక గోడ పట్టుకుని ఆగిపోయింది దీప్తి. వెనకనుంచి ఒక గొడుగు మెల్లగా ఆమె తల మీదికి వచ్చింది.

"కాలు బెణికిందా మేడం?" రమాకాంత్ గొంతు.

"లేదు. రోజూ ఉండే నొప్పే. అందుకే ఆ షూస్."

అతని ముఖం చిన్నబోయింది. "తెల్వక అన్న. సారీ. ముందే చెప్తే అయిపోతుండె గదా?"

"ఎంతమందికని చెప్పాలె సార్? ఈ వయసుల కాళ్లనొప్పులా అని నవ్వుతరు."

ఆమె ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా పక్కనే నడిచాడు. గొడుగంతా ఆమె వైపే. అతని భుజం తడిసి ముద్దయింది. దీప్తి కళ్లెత్తింది, చూపులు కలిశాయి. వాన చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది. బస్టాపు ఇంకాస్త దూరముంటే బాగుండుననిపించింది. మూడేళ్లలో ఆమెకు అట్లా అనిపించడం అదే మొదటిసారి.

ఆ తర్వాత రోజూ బస్టాపు దాకా ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు. అయిదు నిమిషాల దారికి పావుగంట పట్టేది. అయినా మాటలు మిగిలిపోయేవి.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చున్నారు. నీళ్ల మీద ఎర్రటి వెలుగు పల్చగా ఊగుతోంది.

"దీప్తీ, నువ్వంటే నాకిష్టం. పెండ్లి చేసుకుందామా?"

ఆమె తన షూస్ వైపు చూపించింది. "ఇది పూర్తిగ పోయే నొప్పి కాదు రమాకాంత్. తగ్గిద్దాం అన్నడు డాక్టర్, పోగొడ్తా అనలే. కొన్ని రోజులు అడుగు కూడ పెట్టలేను. నీకు యాష్టకొస్తది, విసుగొస్తది. మీ అమ్మకేం చెప్తవ్?"

"నిన్ననే చెప్పిన."

దీప్తి చటుక్కున అతని వైపు తిరిగింది. "ఏమన్నది?"

"నర్సంపేట నుంచి రేపే మీ ఇంటికొస్తాంది. 'నాకు మోకాళ్లు, ఆ పిల్లకు మడిమలు. వంటింట్ల నిలబడేటోనివి ఇగ నువ్వే, వండుడు నేర్చుకో' అన్నది."

దీప్తి పకపకా నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లు నిండాయి.

"మరి నేర్చుకున్నవా?"

"పొద్దున్నే వంకాయ కూర వండిన. మాడింది."

"మాడినా తింట," అంది దీప్తి, అతని చెయ్యి అందుకుంటూ.