బతిమాలకుండా ఇచ్చిన వాపసు

కడియం పూలసంత ముందు కారు ఆపుతూ, "పొడిగింపు హామీ రద్దు చెయ్యి" అని కారుతో అన్నాడు సూర్యచక్రం.

వెనక సీట్లో బంతిమొక్కల ట్రే ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భార్య వీరవేణి, "పొద్దున్నే దాంతో తగువెందుకండీ?" అంది.

"తగువు కాదే. బండి గట్టిదో కాదో తేల్చుకుందామని."

ఆ పరీక్ష అప్పటికి అందరికీ తెలిసిందే. నీళ్ల మోటారు నుంచి కారు దాకా ప్రతి యంత్రంలోనూ జోస్యపలక ఉండేది. ఏ భాగం ఎప్పుడు పాడవుతుందో అది ముందే లెక్కగట్టి కంపెనీకి చెప్పేది, కొన్నవాడికి మాత్రం చెప్పేది కాదు. మరమ్మతు ఖర్చులన్నీ కంపెనీయే భరిస్తుందని అదనంగా డబ్బు కట్టి తీసుకునేది పొడిగింపు హామీ; కొన్న అరవై రోజుల్లోపు దాన్ని రద్దు చేసుకుంటే కట్టిన సొమ్మంతా వాపసు ఇవ్వాలని చట్టం. అందుకని కంపెనీ, యంత్రంలోంచి మాట్లాడే బుజ్జగింపు గొంతును ఉసిగొల్పేది. అది రోజుల తరబడి కాళ్లావేళ్లా పడేది. అయితే ఖర్చు తెచ్చిపెట్టే బండి విషయంలో దానికి అంత ఓపిక ఉండదని జనం పసిగట్టారు. పక్కింటివాళ్ల కారుకు పదకొండు రోజులు బతిమాలిందట. ఆ సంగతి వాళ్లు పిల్లాడికి ర్యాంకు వచ్చినట్టు వీధంతా చెప్పుకున్నారు.

సూర్యచక్రం ధవళేశ్వరం లాకుల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. నమస్కారం పెట్టి మోసం చేసేవాళ్లంటే అతనికి ఒళ్లుమంట. ఆ గొంతుచేత బతిమాలించుకుని, చివర్లో ఛీకొట్టాలని రెండు వారాలుగా ఎదురుచూస్తున్నాడు.

"అలాగేనండి. పూర్తి సొమ్ము మీ ఖాతాకు చేరింది. సెలవు" అంది గొంతు.

అతను తలుపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. "ఒక్క మాటైనా అడగలేదేంటే?"

సంత పని మానేసి ఇద్దరూ నేరుగా ఖాసిం షెడ్డుకు వెళ్లారు. బానెట్ ఎత్తి చేత్తో చూసే మెకానిక్ చుట్టుపక్కల అతనొక్కడే మిగిలాడు. రెండు గంటలు చూసి, చేతులు తుడుచుకుంటూ, "బండి రాయిలా ఉందండీ. దీనికేం వంక పెట్టమంటారు?" అన్నాడు.

"మరి ఆ వెధవలెందుకు భయపడ్డారు?"

వీరవేణి హామీ పత్రం తీసి, ఎవరూ చదవకూడదనే అచ్చువేసినట్టున్న సన్నక్షరాలు చదివింది. నడిపేవాడు స్పృహ తప్పడం వల్ల బండికి కలిగే నష్టం కూడా కంపెనీదే. నడిపేవాడు కునుకు తీస్తే లేపడానికి సీట్లో నాడి కొలిచే పట్టీ అమర్చి ఉంటుంది, దాని లెక్కలూ జోస్యపలకకే చేరతాయి. ఆమె పత్రం మడిచి, "లేవండి. ఆసుపత్రికి వెళ్దాం" అంది.

"నాకేమైందే?"

"బండికేం లేదన్నాడుగా. ఇంక మిగిలింది మీరే."

డాక్టరు మర్నాడే ఆపరేషన్ చేశాడు. గుండె రక్తనాళాలు మూడు పూడుకుపోయాయి. ఇంకో వారం ఇలాగే తిరిగి ఉంటే స్టీరింగు మీదే ఒరిగిపోయేవాడని చెప్పాడు.

భర్త లేచి నాలుగడుగులు వేశాక వీరవేణి రాజమండ్రిలోని కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. అద్దాల గదిలో హామీల అధికారి ఫణికుమార్ ఒక్కడే ఉన్నాడు. అన్నీ గొంతులే చూసుకుంటాయి కాబట్టి మనిషి ఎదురుగా వచ్చి కూర్చోవడం అతనికి కొత్త.

"మా ఆయన చచ్చిపోతాడని మీకు తెలుసు" అంది వీరవేణి.

"మాకు తెలియదండీ. పలక బండికయ్యే ఖర్చు అంచనా వేస్తుందంతే. ఆరోగ్య సమాచారం బయటపెట్టడానికి మాకు అనుమతి లేదు."

"డబ్బు విసిరేసి చేతులు కడుక్కోవడానికి అనుమతి ఉందా?"

"అది నిబంధన ప్రకారం జరిగిందండీ. మీరు అడిగారు, పూర్తిగా ఇచ్చాం. చాలామంది మెచ్చుకుంటారు."

"మెచ్చుకోవడానికే వచ్చాను బాబూ. ఇన్నేళ్లలో మీరు నిజం చెప్పింది ఆ ఒక్కసారే. అదీ మీకు తెలియకుండా."

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి, "అమ్మా" అని పిలిచాడు. ఈసారి అది ఆఫీసు మాటలా లేదు.

"మా నాన్న ఈ మధ్య మెట్లెక్కితే ఆగిపోతున్నారు. ఆసుపత్రికి రానంటారు. ఆయన బండి కొని నెలైంది. ఖాతా నా ఫోన్లోనే ఉంది." ఫోన్లో హామీ రద్దు బటను చూపించి, "నొక్కమంటారా?" అన్నాడు.

వీరవేణి అతన్ని తేరిపార చూసింది. కంపెనీ టై కట్టుకుని కంపెనీకే భయపడుతున్న మనిషి. తిట్టాల్సిన నాలుగు మాటలూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, "నొక్కు" అంది.

అతను కళ్లు మూసుకుని నొక్కాడు.

"అయ్యా, తొందరపడకండి" అని గొంతు వెంటనే అందుకుంది. "ఇంత మంచి హామీ వదులుకుంటారా? మీకోసం ప్రత్యేకంగా ఇంకో ఏడాది ఉచితంగా ఇస్తాం. ఒక్కసారి ఆలోచించండి."

ఫణికుమార్ ఫోను రెండు చేతులతో పట్టుకుని, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, ఆ దిక్కుమాలిన వేడుకోలును ఒక్క మాట పోకుండా విన్నాడు.